వినికిడి యంత్రం: అయిదుగురు స్నేహితురాళ్ళ మధ్య పెట్టి చూస్తే

వస్తువు: చెవి వెనక కూర్చునే రకం వినికిడి యంత్రాలు, రెండు చెవులకూ కలిపి ఒక జత. పెట్టుకుంటున్నది నా స్నేహితురాలు, సమీక్ష రాస్తున్నది నేను. "నా చెవుల గురించి నువ్వు రాయడమేమిటే?" అని ఆమె అడగనే అడిగింది. నీ యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో నీకంటే ముందు మాకు తెలుస్తుంది కదా అన్నాను. కాసేపు ఆలోచించి, "రాసుకో, కానీ నాకు చూపించకుండా పంపకు" అంది.

కొనే ముందు మేం చదివిన సమీక్షలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. టీవీ ఎలా వినిపిస్తుంది, ఫోనుతో ఎలా జతపడుతుంది, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది. లేదంటే అమ్మకో నాన్నకో కొనిపెట్టిన పిల్లలు తృప్తిగా రాసినవి. డెబ్బైకి దగ్గరపడిన ఆడవాళ్ళు అయిదుగురు ఒకచోట చేరి, ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతుంటే ఈ యంత్రం ఏం చేస్తుందో ఒక్కరూ రాయలేదు. మాకు కావలసింది అదే. కంపెనీ పేరు, మోడల్ నంబరు రాయను. ఆ మోడల్ ఇప్పటికే పాతబడింది. పైగా నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం యంత్రాలన్నిటికీ కాస్త అటూ ఇటూగా వర్తించేవే.

ఉద్యోగాల తొలి రోజుల్లో మా అయిదుగురికీ ఒకే వసతిగృహంలో స్నేహం కుదిరింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, ఆస్పత్రిలో నర్సు, బడిలో లెక్కల టీచరు, బ్యాంకులో గుమాస్తా, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నేను. పేర్లతో కాకుండా ఉద్యోగాలతో పిలుచుకోవడం అక్కడే మొదలైంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళు, బదిలీలు, పిల్లలు, ఒకరికి విడాకులు, ఇద్దరికి భర్త పోవడం అన్నీ జరిగాయి. రిటైరై ఏళ్ళయినా మాలో మాకు ఇప్పటికీ ఆమె ఎక్స్ఛేంజి, నేను ప్రూఫు.

వినికిడి పోయింది ఎక్స్ఛేంజికి. హెడ్‌సెట్ తగిలించుకుని, ఒక్క "హలో"తో అవతలి మనిషి ఎవరో, ఏ మనసుతో ఉన్నారో చెప్పేసిన మనిషి ఆమె. ట్రంక్ కాల్ కోసం ఎదురుచూసేవాళ్ళ గొంతులో మంచి కబురుందో చెడ్డ కబురుందో ముందే పసిగట్టేది. అందుకే తన చెవుల మీద తనకు అంత నమ్మకం. వినిపించడం లేదని ఆమె ఎన్నడూ అనలేదు. "మీరంతా నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారు" అనేది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై దాటినవారిలో 25 శాతానికి పైగా మనుషులకు పనులకు అడ్డుపడేంత వినికిడి లోపం ఉంది. అంటే అయిదుగురిలో ఒకరికి తప్పదన్నమాట అంటే లెక్కల టీచరు నన్ను మందలించింది, శాతాలను అలా పంచిపెట్టకూడదట. సరే.

మాకు మొదట పట్టిచ్చింది ఆమె నవ్వు. అందరం నవ్వాక, ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది. మా ముఖాలు చూసి నవ్వుతోందని నర్సు కనిపెట్టింది. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని, ఎత్తు స్థాయి ధ్వనులు. మాటల్లో అచ్చులు బరువుగా, కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి అవి వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ, త, క లాంటివి పలచబడిపోతాయి. మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. ఓసారి బ్యాంకు ఎవరినో తలుచుకుని విసుక్కుంటూ "ఇక చాలే" అంటే, ఎక్స్ఛేంజి కంగారుగా "కాలికేమైందే?" అంది. ఆ పూట పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె కూడా నవ్వింది, ఆలస్యంగా. తర్వాత్తర్వాత మా కలయికలకు రావడం తగ్గించింది. మోకాళ్ళంది, ఎండంది, "మీరు కానివ్వండి" అంది. ఒక్కొక్కరితో విడిగా మాత్రం బాగానే కలిసేది. ఆ తేడా చూసి నర్సే పరీక్షకు లాక్కెళ్ళింది.

అంతకు ముందే ప్రకటన చూసి తెప్పించుకున్న చౌక యంత్రం ఒకటి ఆమె సొరుగులో ఉంది. దాని గురించి ఒక్క మాట చాలు: అది వినికిడి యంత్రం కాదు, శబ్దాన్ని పెంచే పెట్టె. మాటనూ ఫ్యాన్ మోతనూ కుర్చీ ఈడ్చిన చప్పుడునూ సమానంగా పెంచి చెవిలో పోస్తుంది. అలాంటిదాన్ని వాడి విసిగి, అసలు యంత్రాలే దండగ అనుకునేవాళ్ళు ఎందరో.

పరీక్షలో 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా రకరకాల స్థాయుల్లో కూతలు వినిపించి గ్రాఫు గీస్తారు. కుడిచెవికి ఎర్ర సున్నాలు, ఎడమచెవికి నీలి ఇంటూ గుర్తులు. ఎక్స్ఛేంజి గ్రాఫు ఎడమవైపు, అంటే కింది స్థాయి ధ్వనుల దగ్గర, మెట్ట మీద నడిచి, కుడివైపు ఎత్తు స్థాయి ధ్వనుల దగ్గరికి వచ్చేసరికి లోయలోకి దిగిపోయింది. ఆ కాగితం చూశాక ఆమె వాదించడం మానేసింది. రెండు చెవులకూ కావాలన్నారు. అది అమ్మకపు మాట కాదు. ధ్వని ఎటు నుంచి వస్తోందో, రొదలో మాట ఎక్కడుందో మెదడు రెండు చెవులనూ పోల్చుకునే తేల్చుకుంటుంది.

దుకాణంలో మాకు తగిలిన కుర్రవాడు మర్యాదస్తుడే కానీ, అన్నిటికంటే ఖరీదైనదే ఆమెకు సరిపోతుందని గ్రాఫు చూడకముందే తేల్చేశాడు. నర్సు అతన్ని కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగింది. వాడి చూసుకుని నచ్చకపోతే తిరిగిచ్చే గడువు ఎంత? చెవిలో సన్నని గొట్టం పెట్టి, యంత్రం నుంచి కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలుస్తారా? రెండో ప్రశ్నకు అతను లోపలికి వెళ్ళి పెద్దావిడను పిలుచుకొచ్చాడు. ఆవిడ కొలిచింది, సరిదిద్దింది. మేం చివరికి కొన్నది మధ్యరకం. ఖరీదు పెరిగేకొద్దీ ఎక్కువగా పెరిగేది రొదను విడదీసే తెలివి, ఫోనుతో ఆడుకునే హంగులు. ఆ కొలత సరిగ్గా జరగకపోతే ఎంత ఖరీదైనదీ సగం పనే చేస్తుంది. వెంట నర్సు లేనివాళ్ళు కూడా ఈ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని వెళ్ళవచ్చు.

మొదటి వారాలు ఓర్చుకోవాలి. తన గొంతు తనకే గాబులోంచి వస్తున్నట్టుందని ఎక్స్ఛేంజి బాధపడింది. చెవిలోకి వెళ్ళే రబ్బరు గొడుగును రంధ్రాలున్న రకానికి మార్చాక తగ్గింది. వార్తాపత్రిక పేజీ తిప్పితే ఉలిక్కిపడింది. రోజూ కొన్ని గంటలు మాత్రమే, ముందు ఇంట్లో, తర్వాత ఒకరితో, ఆ తర్వాతే నలుగురిలో అని నర్సు క్రమం పెట్టింది. ఏళ్ళుగా మెదడుకు అందని ధ్వనులు మళ్ళీ అలవాటు కావాలి కదా.

మాకూ ఒక అలవాటు వదులుకోవలసి వచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమె ఎదుటే, గొంతు తగ్గించి, ఆమె గురించే మాట్లాడుకోవడం మాకు తెలియకుండానే పాతుకుపోయింది. యంత్రాలు పెట్టుకుని మొదటిసారి అందరి మధ్యకు వచ్చిన రోజు, "ఈ రంగు దీనికి నప్పలేదు" అని లెక్కల టీచరు నాతో గొణిగింది. గది అవతలి నుంచి, తల తిప్పకుండా, "నీకు నప్పుతుందా మరి?" అని ఎక్స్ఛేంజి గొంతు. ఆ యంత్రానికి నేను పూర్తి మార్కులు వేసింది ఆ క్షణంలోనే.

ఇంకో సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు. గట్టిగా కౌగిలించుకుంటే యంత్రం కూస్తుంది. చెవిలోకి పంపిన ధ్వని బయటికి జారి, మీ భుజానికో చెంపకో తగిలి మళ్ళీ మైకులోకి దూరితే వచ్చే కూత అది. కొత్త యంత్రాలు దాన్ని చాలావరకు అణిచేస్తాయి కానీ, బ్యాంకు కౌగిలింతను అణిచే యంత్రం ఇంకా తయారు కాలేదు. ఏడాదికోసారి దూరం నుంచి వచ్చే మనిషి, వదలదు. ఇప్పుడు ఆ కూత వినిపిస్తే పక్క గదిలో ఉన్నవాళ్ళకు బ్యాంకు వచ్చిందని తెలుస్తోంది.

ఇక అసలు పరీక్ష. ఇద్దరే ఎదురెదురుగా కూర్చుంటే యంత్రం అద్భుతంగా పనిచేస్తుంది. ముగ్గురైతే ఫరవాలేదు. అయిదుగురమూ గుండ్రంగా కూర్చుంటే తడబడుతుంది. దీనిలోని మైకులు ముందువైపు ధ్వనిని పట్టి, వెనకవైపుదాన్ని తగ్గిస్తాయి. ఆమె ఎటు చూస్తే అటు మాట బాగా వినిపిస్తుంది. కానీ మా మాట ఒకచోట నిలబడేది కాదు. నర్సు మొదలుపెడితే నేను సవరిస్తాను, లెక్కల టీచరు ఏ సంవత్సరమో చెబుతుంది, బ్యాంకు అసలు ముగింపు ముందే బయటపెట్టేస్తుంది. ఎక్స్ఛేంజి తల తిప్పేలోగా మాట ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోతుంది. పైగా నలుగురి మాటలూ మాటలే. అందులో ఏది రొద, ఏది వినదగ్గది అని తేల్చడం యంత్రం వల్ల కాదు. నిజం చెప్పాలంటే మా వల్లా కాదు.

ఒకరి తర్వాత ఒకరం మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం. లెక్కల టీచరు చేయి ఎత్తి అనుమతి కూడా అడిగింది. పది నిమిషాల్లో అది మీటింగు అయిపోయింది, అందరికీ ఆవులింతలు. ఆ నియమాన్ని మొదట రద్దు చేయమన్నది ఎక్స్ఛేంజే. "మీరిలా మాట్లాడితే వినడానికి ఇంత ఖర్చు పెట్టి ఇవి ఎందుకే నాకు?" అంది.

పనిచేసినవి వేరే ఉన్నాయి. ఆమెను గోడకు వీపు పెట్టి కూర్చోబెడతాం, వెనక నుంచి వచ్చే మోత తగ్గుతుంది. వెలుతురు మా ముఖాల మీద పడేలా చూసుకుంటాం, పెదవులు చూసి సగం పట్టుకుంటుంది కాబట్టి. మాట కొత్త విషయంలోకి మళ్ళితే పక్కన ఉన్నవాళ్ళు ఒక్క ముక్క అందిస్తారు: "ఇప్పుడు వసతిగృహం మేడ సంగతి." అది అందితే మిగతాది ఆమె అల్లుకోగలదు. ఒక మాట అందకపోతే అదే మాటను మళ్ళీ మళ్ళీ చెప్పకుండా వేరే మాటతో చెబుతాం. అరవడం పూర్తిగా నిషేధం. యంత్రం మెల్లని ధ్వనిని ఎక్కువగా, గట్టి ధ్వనిని తక్కువగా పెంచేలా తయారవుతుంది. అరిస్తే మాట పెద్దది కాదు, వంకరపోతుంది. ఇన్నేళ్ళు ఆమెతో అరిచి మాట్లాడిన నర్సుకు దీన్ని మానుకోవడం అన్నిటికంటే కష్టమైంది.

బల్ల మీద పెట్టే చిన్న మైకు విడిగా దొరుకుతుంది. అది మా మాటలను పట్టి నేరుగా యంత్రాలకు పంపుతుంది. కొన్నాం. నాకు అది యంత్రాల కంటే ఎక్కువ నచ్చింది. చేతికందే దూరంలో ఉంటే మాట్లాడేవాళ్ళు దాన్ని తమవైపు జరుపుకుంటారు. దాంతో మా మాటలకు ఎవరూ పెట్టని క్రమం ఒకటి దానంతట అదే వచ్చింది. చిక్కల్లా బ్యాంకు దాన్ని ఒకసారి తీసుకుంటే వదలకపోవడం.

అన్నిటికంటే మేం మానుకోవలసి వచ్చిన మాట ఒకటుంది: "ఏమీ లేదులే." అందరం నవ్వుతుంటే "ఏమిటే, ఏమిటి?" అని ఆమె అడగడం, "ఏమీ లేదులే, తర్వాత చెబుతా" అని ఎవరో ఒకరు అనడం, ఆ తర్వాత ఎవరూ చెప్పకపోవడం. మేం నవ్విన సంగతి, వసతిగృహం మేడ మీదికి ఎవరు తాళం వేశారన్నది, పెద్ద విషయమేమీ కాదు. ఆమెకు చెప్పేంతటిది కాదని మేం నిర్ణయించడం మాత్రం పెద్ద విషయం. కలయికలకు రావడం ఎందుకు మానేశావని ఇటీవల అడిగితే ఆమె చెప్పిన కారణం అదే, చెవులు కాదు. యంత్రం వచ్చాక "ఏమిటే" అని అడగడం సగానికి పైగా తగ్గింది. మిగతా సగం మా పూచీ.

ఫోను దగ్గర మాత్రం యంత్రం మమ్మల్ని ఓడించింది. బ్లూటూత్ ద్వారా అవతలి గొంతు రెండు చెవుల్లోకీ నేరుగా వస్తుంది, మధ్యలో గది లేదు, ఫ్యాన్ లేదు. దాంతో అందరికంటే దూరాన కొడుకు దగ్గర ఉంటున్న బ్యాంకు మాట, ఎదురుగా కూర్చున్న మా మాట కంటే స్పష్టంగా వినిపిస్తోందట. వాళ్ళిద్దరూ రాత్రిపూట గంటల తరబడి మాట్లాడుకుంటున్నారు. మాకు అసూయగా లేదని అనను. వీడియో కాల్‌లో అయితే బొమ్మకూ మాటకూ పొంతన తప్పినప్పుడు పెదవులు చూడడం కుదరక తికమకపడుతుంది. అందుకే ఆమె ఉత్త ఫోనే ఇష్టపడుతుంది. పాత వృత్తి కూడా అదే కదా.

ఇక తిట్టవలసిన భాగం. ఈ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళకు ముసలి వేళ్ళు ఎలా ఉంటాయో తెలిసినట్టు లేదు. చెవిలోకి వెళ్ళే కొన దగ్గర గులిమి లోపలికి పోకుండా ఆపే జల్లెడ ఉంటుంది. ఆవగింజంత కూడా ఉండదు. దాన్ని ఒక పుల్లతో పీకి, అదే పుల్ల రెండో కొనతో కొత్తది ఎక్కించాలి. ఎక్స్ఛేంజికి కీళ్ళవాతం, పుల్ల పట్టు దొరకదు. నర్సు చేతులు గట్టివే కానీ దగ్గరి చూపు లేదు. నాకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు బాగుంది, ప్రూఫులు దిద్దిన కళ్ళు, కానీ చేయి వణుకుతుంది. కాబట్టి కిటికీ దగ్గర ముగ్గురం కూర్చుంటాం. నేను భూతద్దం పెట్టి "కొంచెం ఎడమకు, ఇంకొంచెం, ఆఁ, నొక్కు" అంటాను, నర్సు నొక్కుతుంది, ఎక్స్ఛేంజి చెవిలో పెట్టుకుని "మాట్లాడండి" అంటుంది. జల్లెడ మూసుకుపోతే యంత్రం చచ్చిపోయినట్టు మూగబోతుంది. బాగుచేయడానికి పంపే ముందు దాన్ని మార్చి చూడాలి.

బ్యాటరీలు నాలుగు సైజులు, వాటికి రంగులు: 10కి పసుపు, 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. ఆమెవి 312. ఇవి గాలి తగిలితే పనిచేసే జింకు బ్యాటరీలు. రంగు కాగితం ఊడదీశాక ఒక నిమిషం ఆగి పెట్టాలి. ఊడదీశాక మళ్ళీ అతికించినా ప్రయోజనం లేదు, అరగడం మొదలైపోతుంది. చార్జింగ్ పెట్టుకునే రకమూ ఉంది, వేళ్ళు సహకరించనివాళ్ళకు అదే మేలు. రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. స్నానానికి ముందు తీసేయాలి.

దాంతో ఇచ్చిన పుస్తకంలో ప్రతి కష్టమైన పనికీ "కుటుంబసభ్యుల సాయం తీసుకోండి" అని ఉంది. బొమ్మల్లో పక్కన కూతురో మనవడో. ఎక్స్ఛేంజికి పిల్లలు లేరు. లెక్కల టీచరు పిల్లలు ఖండాంతరాల్లో ఉన్నారు. మా వయసు ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ బతకగలరని ఆ పుస్తకం రాసినవాళ్ళకు తట్టలేదు. యాప్‌లో కూడా ధ్వని స్థాయిని దూరం నుంచి చూసే అనుమతి ఒక్కరికే ఇవ్వవచ్చు, ఆ గడిలో బంధుత్వం అడుగుతుంది. కూతురు, కొడుకు, భార్య, భర్త, ఇతరులు. నర్సు "ఇతరులు" కింద ఉంది.

మతిమరుపు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దుకాణాల్లో అదే చూపించి భయపెడతారు. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఎచీవ్ అనే పరిశోధనలో 70 నుంచి 84 ఏళ్ళవారిని 977 మందిని మూడేళ్ళు గమనించారు. సగం మందికి వినికిడి యంత్రాలు, సగం మందికి ఆరోగ్య పాఠాలు. అందరినీ కలిపి చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గుదలలో తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో మాత్రం తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. అమ్మేవాళ్ళు రెండో ముక్కే చెబుతారు. నాకు ఆసక్తి కలిగించింది అదే పరిశోధన నుంచి 2025లో వచ్చిన ఇంకో ఫలితం. యంత్రాలు పెట్టుకున్నవారు మూడేళ్ళలో, రెండో వర్గంతో పోలిస్తే, తమ పరిచయస్థుల వలయంలో సగటున ఒక మనిషిని అదనంగా నిలుపుకున్నారట. "ఒక్కరేనా?" అని బ్యాంకు పెదవి విరిచింది. అయిదుగురిలో ఒక్కరంటే 20 శాతం అని లెక్కల టీచరు చెప్పింది. ఈసారి తనే పంచిపెట్టింది శాతాలను.

మాట ఇచ్చినట్టే ఇదంతా ఎక్స్ఛేంజికి చూపించాను. రంగు సంగతి తీసేయమని లెక్కల టీచరు అడిగిందని, ఉంచమని తను అంటోందని చెప్పింది. ఉంచాను. ఒక చేర్పు మాత్రం రాయించింది: యంత్రం పెట్టుకుని నలుగురిలో వినడం కష్టపడి చేసే పని, సాయంత్రానికి తల బరువెక్కుతుంది, అప్పుడు ఆమె రెండూ తీసి డబ్బాలో పెట్టేస్తుంది. అలిగిందని ఎవరూ అనుకోకూడదు, మళ్ళీ పెట్టుకోమని బతిమాలకూడదు, పక్కన కూర్చుంటే చాలు. ప్రూఫు కామాల గురించి మొదలుపెట్టినప్పుడు మాత్రం బరువెక్కక ముందే తీసేస్తానని కూడా రాయమంది.